కడెం వరద, రామగుండం పొగ

2022 జులై 13 రాత్రి నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టు దిగువన ఎవరికీ కంటి మీద కునుకు లేదు. పైన బోథ్, బజార్‌హత్నూర్ గుట్టల మీద కురిసిన వానంతా వాగులై ఒక్కసారిగా వచ్చి కట్టను తాకింది. ఎత్తగలిగిన గేట్లన్నీ ఎత్తినా బయటికి పోయేది మూడు లక్షల పైచిలుకు క్యూసెక్కులు. వచ్చిపడుతున్నది అయిదు లక్షలకు పైగా. ఉన్న 18 గేట్లలో ఒకటి మొరాయించింది. దిగువ ఊళ్ల జనం పిల్లల్ని చంకనేసుకొని, గొడ్లను విప్పి వదిలేసి ఇళ్లు ఖాళీ చేశారు. 1958లో ఒకసారి, 1995లో ఒకసారి ఈ ప్రాజెక్టు తెగిన సంగతి అక్కడి పెద్దలకు గుర్తుంది. ఈసారి కట్ట నిలిచింది. అయితే ఏడాది తిరగ్గానే, 2023 జులైలో, మళ్లీ అదే భయం.

కడెం దాటిన నీళ్లు గోదావరిలో కలిసి శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టుకు చేరతాయి. రామగుండం ఎన్‌టీపీసీకి నీళ్లు పోయేది అక్కడి నుంచే. బొగ్గు మంట మీద ఆవిరై టర్బైన్లు తిప్పేవి ఆ గోదావరి నీళ్లే. ఆ మంట నుంచి వచ్చే పొగకూ, మన గుట్టల మీద పడే కుండపోతకూ సంబంధం ఉంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లం ఆ సంబంధాన్ని అందరికంటే ముందు అర్థం చేసుకోవాలి. ఎందుకంటే బొగ్గు తీసేదీ మన దగ్గరే, కాల్చేదీ మన దగ్గరే, దాని దెబ్బ తగిలేదీ మనకే.

కిలో బొగ్గు, కిలోన్నర వాయువు

బొగ్గు కాలితే బూడిద మిగులుతుందని అందరికీ తెలుసు. కంటికి కనిపించకుండా పోయేది బూడిద కంటే చాలా ఎక్కువ. బొగ్గులో ఉండే కార్బన్ పరమాణువు బరువు 12 అనుకుంటే, కాలేటప్పుడు అది గాలిలోంచి 16 బరువున్న ఆక్సిజన్ పరమాణువులను రెండింటిని పట్టుకుంటుంది. 12 కాస్తా 44 అవుతుంది. అందుకే నలభై శాతం కార్బన్ ఉన్న బొగ్గు కిలో కాలిస్తే దాదాపు కిలోన్నర కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

ఇది దుమ్ములా నాలుగు రోజుల్లో నేలకు దిగదు. కొంత సముద్రం పీల్చుకుంటుంది, కొంత చెట్లు తీసుకుంటాయి, మిగిలింది వందల ఏళ్లు గాలిలోనే ఉంటుంది. భూమి నుంచి పైకి పోవాల్సిన వేడిని దుప్పటిలా ఆపుతుంది. యంత్రాల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత ఆ పాత కాలంతో పోలిస్తే ఒకటిన్నర డిగ్రీలకు పైగా పెరిగింది. ఒక క్యాలెండర్ ఏడాది మొత్తం ఆ గీత దాటడం అదే మొదటిసారి.

ఒకటిన్నర డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. ఆ ఆవిరంతా కలిసొచ్చిన రోజున ఒక్క దెబ్బలో కురుస్తుంది. 2023 జులైలో పక్కనున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అది రికార్డు. ఏదో ఒక వరదను పట్టుకొని, దీనికి కారణం వేడెక్కిన భూమి ఒక్కటేనని చెప్పడం తప్పు. కానీ ఇలాంటి వానలు ఇంకా తరచుగా, ఇంకా ఉధృతంగా పడేలా మనం వాతావరణాన్ని మార్చేశామన్నది శాస్త్రం తేల్చిన మాట. అరవై ఏళ్ల కింద పడిన వానల లెక్కతో కట్టిన గేట్లు ఇకపై పడబోయే వానలకు చాలవు.

వాన ఎక్కువవుతున్నట్టే వానల మధ్య ఎడమూ ఎక్కువవుతోంది. మృగశిరకు నాలుగు చినుకులు పడగానే నల్లరేగడిలో పత్తి గింజ పెట్టిన ఆదిలాబాద్ రైతుకు ఇది బాగా తెలుసు. ఆపై ఇరవై రోజులు వాన మొగం చాటేస్తే మొలక మాడిపోతుంది. మళ్లీ గింజ కొనాలి, మళ్లీ కూలీ పెట్టాలి. ఆ రెండో విత్తు ఖర్చు ఏ కరెంటు బిల్లులోనూ కనిపించదు.

రోహిణి కార్తెలో ఓపెన్ కాస్ట్

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి ఓపెన్ కాస్టుల్లో ఆ రోజుల్లో పనిచేసే మనిషిని అడగండి. పైన ఎండ, కింద నల్లటి బొగ్గు, చుట్టూ బొగ్గు పైనుంచి తీసి పోసిన ఓబీ మట్టి గుట్టలు. గాలి ఆడదు. బొగ్గు తానే నిప్పు రాజుకుంటుంటే నీళ్లు చల్లుతారు. కార్మికులకు మజ్జిగ ప్యాకెట్లు పంచుతారు.

మన ఒళ్లు చల్లబడేది చెమట ఆరినప్పుడే. ఎండకు ఉక్కపోత తోడైతే చెమట ఆరదు, లోపలి వేడి బయటికి పోదు. అప్పుడు గుండె మీద, కిడ్నీల మీద భారం పడుతుంది. వడదెబ్బ చంపేది ఇలాగే. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఏసీ గదుల్లో ఉండేవాళ్లు కాదు. కూలీలు, గొర్ల కాపరులు, రోడ్డు పక్క చిరు వ్యాపారులు, ముసలివాళ్లు.

ఒక సంతకం, పాతికేళ్ల మంట

ఇప్పుడు అనుమతుల సంగతికి వద్దాం. రామగుండంలో 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్‌టీపీసీ కేంద్రం 2,600 మెగావాట్లది. రాష్ట్ర విభజన చట్టంలో ఇచ్చిన 4,000 మెగావాట్ల హామీ కింద అక్కడే తెలంగాణ సూపర్ థర్మల్ ప్రాజెక్టు కట్టారు. తొలి దశలోని రెండు 800 మెగావాట్ల యూనిట్లలో రెండోదాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2024 మార్చి 4న ఆదిలాబాద్ సభ నుంచి జాతికి అంకితం చేశారు. కడెంకు వరద పంపే గుట్టలున్నది ఆ జిల్లాలోనే. రెండో దశలో మరో మూడు 800 మెగావాట్ల యూనిట్లు రానున్నాయి. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1,200 మెగావాట్ల సింగరేణి కేంద్రం పక్కన ఇంకో 800 మెగావాట్ల యూనిట్‌ను ప్రతిపాదించారు. అదే జిల్లాలోని శ్రావణపల్లి బొగ్గు బ్లాకును కేంద్రం 2024లో వేలానికి పెట్టింది. దాన్ని సింగరేణికే ఇవ్వాలని రాష్ట్రం పట్టుబట్టింది.

బ్లాకు ఎవరికి దక్కాలన్నది ముఖ్యమైన ప్రశ్నే. సింగరేణి ప్రజల ఆస్తి, దాన్ని కాపాడుకోవాలి. అయితే ఆ వాదన జరిగినంత గట్టిగా, ఆ బొగ్గు ఎన్నేళ్లు కాలుతుందన్న చర్చ జరగలేదు.

లెక్క మనమే వేసుకోవచ్చు. 800 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడుతో నడిస్తే గంటకు 8 లక్షల యూనిట్ల కరెంటు. యూనిట్ కరెంటుకు 600 గ్రాముల పైచిలుకు బొగ్గు వేసుకుంటే గంటకు దాదాపు 500 టన్నులు, రోజుకు 12 వేల టన్నులు. అంటే మూడు గూడ్సు రైళ్లు. రామగుండం రెండో దశలోని మూడు యూనిట్లకు కలిపి రోజుకు తొమ్మిది రైళ్ల బొగ్గు. యూనిట్ కరెంటుకు సుమారు 900 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ చొప్పున, పూర్తి లోడుతో నడిస్తే ఈ మూడింటి నుంచి ఏడాదికి దాదాపు ఒక కోటీ 90 లక్షల టన్నులు. పాతికేళ్లకు దాదాపు 47 కోట్ల టన్నులు. థర్మల్ యూనిట్‌ను ఒకసారి కడితే, చేసిన అప్పు తీరాలంటే దాన్ని నడపాల్సిందే. ఈరోజు పెట్టే సంతకం 2050 దాకా మన చేతులు కట్టేస్తుంది.

మన దేశంలో ఇలాంటి ప్రాజెక్టుకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం అనుమతి కావాలి. అందులో జనానికి దక్కిన ఒకే ఒక్క రోజు ప్రజాభిప్రాయ సేకరణ. నెల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులోనూ ఉంచాలి. టెంటు కింద అధికారులు ఒక వైపు, ఊరివాళ్లు ఒక వైపు. మైకు అందినవాళ్లు అడిగేవి దుమ్ము గురించి, గని పేలుళ్లకు పగిలిన గోడల గురించి, ఎండిన బోర్ల గురించి, ఇంటికో ఉద్యోగం గురించి. అన్నీ న్యాయమైనవే. ఈ బొగ్గంతా కాలితే వాతావరణానికి ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఆ టెంటు కింద అరుదుగా వినిపిస్తుంది.

బయటి ప్రపంచంలో ఆ ప్రశ్న ఇప్పుడు కోర్టుల దాకా వెళ్లింది. కొత్త బొగ్గు గనుల అవసరం లేకుండానే 2050 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తేవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021లోనే చెప్పింది. భూమిలోంచి తీసే ఇంధనాన్ని కాల్చినప్పుడు వచ్చే వాయువును కూడా అనుమతికి ముందే లెక్కగట్టాలని 2024 జూన్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. శిలాజ ఇంధనాల అన్వేషణకు లైసెన్సులివ్వడం, వాటికి రాయితీలివ్వడం అంతర్జాతీయ చట్టం ప్రకారం తప్పిదం కావచ్చని 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో పేర్కొంది. మన సుప్రీంకోర్టు కూడా బట్టమేక పిట్ట కేసులో, 2024 మార్చిలో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని గుర్తించింది.

బొగ్గు బాయి పెట్టిన అన్నం

ఎదుటి వాదన బలమైనది, దాన్ని దాటవేయకూడదు. సగటు అమెరికన్ ఏడాదికి 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలితే సగటు భారతీయుడు వదిలేది రెండు టన్నులే. గాలిని నింపింది ముందుగా ధనిక దేశాలు. బావుల కింద సేద్యం చేసే రైతుకు కరెంటు కావాలి. పైగా దశాబ్దాలుగా బొగ్గు బాయి ఇక్కడ లక్షల కుటుంబాలకు అన్నం పెట్టింది. చేత్తో బొగ్గు నింపే తట్టాచెమ్మస్ పని చేసిన తాతలు, సపోర్టు దిమ్మెల కింద ప్రాణాలొడ్డిన తండ్రులు లేకపోతే ఈ పట్టణాలే లేవు.

కానీ ఆ అన్నం లెక్క కూడా మారింది. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఉత్పత్తి ఏడాదికి 2 కోట్ల టన్నుల చుట్టూ. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు, సంస్థ కార్మికులు 40 వేల చుట్టూ. భూగర్భ బాయిల బదులు ఓపెన్ కాస్టులు, మనుషుల బదులు యంత్రాలు వచ్చాయి. బొగ్గు పెరిగితే కొలువులు పెరుగుతాయన్న నమ్మకాన్ని ఈ అంకెలే కొట్టేస్తున్నాయి. కొత్త బ్లాకు వచ్చినంత మాత్రాన కొడుకుకు నౌకరీ వస్తుందని ఏ తండ్రీ ధీమాగా ఉండలేడు.

దారి ఎక్కడో వెతకనక్కర్లేదు. రామగుండం ఎన్‌టీపీసీ రిజర్వాయర్ గట్టున నిలబడితే చిమ్నీల నీడలో, నీళ్ల మీద 500 ఎకరాల్లో పరచిన సౌర ఫలకాలు కనిపిస్తాయి. 2022 జులై 1 నాటికి పూర్తయిన ఆ 100 మెగావాట్ల కేంద్రం అప్పట్లో దేశంలోనే అతిపెద్ద తేలియాడే సోలార్ ప్లాంటు. సూర్యుడు రాత్రి పనిచేయడన్నది నిజం. దానికీ మన గుంతల్లోనే ఒక జవాబుంది. బొగ్గు తీసేశాక మిగిలిన లోతైన ఓపెన్ కాస్టులో నీళ్లు నింపి, పగలు మిగులు సోలార్ కరెంటుతో పైనున్న చెరువులోకి ఎత్తిపోసి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయవచ్చు. మేడిపల్లి ఓపెన్ కాస్టులో ఇలాంటి పంప్‌డ్ స్టోరేజీకి సింగరేణి ప్రతిపాదన సిద్ధం చేసింది. గుంతల్ని, లైన్లను, యంత్రాలను ఎరిగిన కార్మికులు ఇక్కడే ఉన్నారు. ఐటీఐ చదివిన వాళ్ల పిల్లలూ ఇక్కడే ఉన్నారు.

రేపే బాయిలన్నీ మూసెయ్యమని ఎవరూ అనడం లేదు. నడుస్తున్నవి ఒక క్రమంలో తగ్గాలి, ఆ తగ్గే దారిలో ఒక్క కార్మికుడూ రోడ్డున పడకూడదు. కొత్తవి కట్టేముందు మాత్రం పూర్తి లెక్క చెప్పాలి. మీ మండలంలో ఈసారి ప్రజాభిప్రాయ సేకరణ టెంటు వేసినప్పుడు వెళ్లండి. మైకు అడిగి తీసుకొని మూడు ప్రశ్నలు వేయండి. ఈ ప్రాజెక్టు జీవితకాలంలో మొత్తం ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది? ఇదే కరెంటును సూర్యుడి నుంచి, నిల్వ నుంచి తెస్తే ఎంతవుతుంది, ఎందుకు కుదరదు? బొగ్గు అయిపోయిన రోజున ఈ భూమికి, ఇక్కడి కార్మికుడి పిల్లలకు రాతపూర్వకంగా ఏమిస్తారు? మీరు అడిగింది ఆ రోజు నమోదు చేయాలి, అది చట్టం. అడగకపోతే ఆ కాగితంలో మన ఊరి పేరు ఉంటుంది గానీ మన మాట ఉండదు.