ఇంట్లో ఫోను ఉంది, మరి చేతిలో?

మొన్న క్లాసులో ఆన్‌లైన్ చదువుల గురించి మాట వచ్చింది. "ఈ కాలంలో ఫోను లేని ఇల్లు ఎక్కడుంది? ఇంక అందరికీ అందినట్లే కదా" అనింది ఒకమ్మాయి. అప్పుడు బదులు చెప్పలేకపోయాను. చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

2020 మార్చిలో బడులు మూసేశారు. ఆ ఏడు నేను ఎనిమిదో క్లాసుకు వచ్చాను. ముళబాగిలు దగ్గర మా పల్లె. ఇంట్లో ఉండేది ఒకే స్మార్ట్‌ఫోను, అది నాయనది. తెల్లారకముందే టమోటా బాక్సులతో పాటు అదీ కోలారు మండీకి పోయేది. టీచర్లు వాట్సాప్‌లో పంపిన పాఠాలు రాత్రికి గానీ చూడలేను. అప్పుడైనా ముందు అన్నకే. "వానికి పీయూసీ పరీక్షలుండాయి, నువ్వు తర్వాత చూస్కో" అనేది అమ్మ. నా వంతు వచ్చేసరికి ఆ రోజు డేటా అయిపోయేది. మా ఇంట్లో ఫోను ఉందా అంటే ఉంది. అది నా చదువుకు అందిందా అంటే లేదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. పల్లె పిల్లల చదువును సర్వే చేసే అసర్ నివేదికల ప్రకారం, బడిలో చేరిన పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం, 2021లో 67.6 శాతం. చూడ్డానికి మంచి పెరుగుదలే. కానీ 2021లో ఫోను ఉన్న ఇళ్ల పిల్లల్లోనే 26.1 శాతం మందికి అది చదువుకోడానికి దొరకలేదు. చిన్న క్లాసుల పిల్లలకు మరీ కష్టమైంది.

కాబట్టి ఫోను ఒక్కటే చాలదు. డేటా ఉండాలి, సిగ్నల్ ఉండాలి, వంతు రావాలి. మనలాంటి వాళ్లకు ఇంకొకటి కూడా ఉంది, భాష. ఇంట్లో తెలుగు, పాఠం కన్నడం. బడిలో అర్థం కాక మొహం చూస్తే మా టీచరు ఒక మాట తెలుగులో చెప్పేది. వీడియోకు మన మొహం కనపడదు కదా!

చందన టీవీలో కూడా పాఠాలు వచ్చాయి. దానికి డేటా అక్కర్లేదు, కానీ మధ్యలో ఆపి అడగలేం. 2020 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వం 'విద్యాగమ' మొదలుపెట్టింది. ఫోను లేనివాళ్లు, మామూలు ఫోను ఉన్నవాళ్లు, స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లు అని పిల్లల్ని మూడు గుంపులు చేశారు. టీచర్లే ఊళ్లకు వచ్చి గుడి దగ్గర, చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పారు. కరోనా భయంతో అక్టోబరులో అది ఆగింది. ఆలోచన మాత్రం మంచిది. ఫోను లేనివాళ్లు కూడా ఉన్నారని అది ముందే ఒప్పుకుంది. దానికి నాలుగో గుంపు ఒకటి చేర్చాలని నాకనిపిస్తుంది: ఇంట్లో ఫోను ఉన్నా చేతికి రానివాళ్లు. అందులో ఎక్కువగా ఇంటి పనుల్లో ఉండే ఆడపిల్లలే ఉంటారేమో.

బడులు తెరిచి ఏళ్లయినా హోంవర్కు ఇంకా వాట్సాప్‌లో వస్తూనే ఉంది. మనలో చాలామంది రేపు టీచర్లు కావాలనుకుంటున్నాం. అప్పుడు పిల్లల్ని "మీ ఇంట్లో ఫోను ఉందా?" అని అడిగి ఊరుకోవద్దు. "నిన్న నీ చేతికి ఎంతసేపు వచ్చింది?" అని అడుగుదాం.