తల్లిని చూడని పిల్ల



దిల్‌సుఖ్‌నగరు చేరువనున్న గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు 2022వ సంవత్సరమున విజయవాడ రహదారి మీది మా బాటసింగారమునకు తరలివచ్చినది. ఆ వేసవిని మా వీథి స్త్రీలము నలుగురము కలిసి మామిడిపండ్లకై పోయితిమి. ఒక్కొక్క పండును చేతబట్టి వాసన చూచితిమి. తొడిమ దగ్గఱ నొక్కి చూచితిమి. కార్బైడు వేసి మగ్గబెట్టిరేమోయని అనుమానించితిమి. ఒక పండును కోయించి రుచి చూచిన పిమ్మట గాని పెట్టెకు సొమ్మీయలేదు. ఇంత జాగ్రత్త గల నేనే, తరువాత రెండేండ్లకు, ప్రాణముగల కుక్కపిల్లను ఫోనులోని బొమ్మ చూచి కొంటిని. అది మా యింట ఆఱు దినములు బ్రతికినది.

ఈ సంగతి నలుగురిలో చెప్పుకొనుటకు నాకు సిగ్గుగానే యున్నది. కాని యిట్టి ప్రకటనలు నేడు ప్రతి యింటి ఫోనులోను కనబడుచున్నవి. వానిని చూచి పిల్లలు తల్లులను వేధించుచున్నారు. నాకు జరిగినది మఱియొక యింట జరుగకుండిన చాలునని తలచి వ్రాయుచున్నాను.

మా అమ్మాయికి అప్పుడు పదేండ్లు. తోబుట్టువులు లేరు. మావారు బడిపంతులగుటచే ఉదయము పోయి ప్రొద్దుగూకినపిమ్మట వత్తురు. పిల్లకు తోడుగా నుండునని నేనే ఒప్పుకొంటిని. ప్రకటనలో “శుద్ధజాతి లాబ్రడారు, 45 దినముల పిల్ల, టీకాలన్నియు అయినవి, 14,000 రూపాయలు” అని యుండెను. బేరమాడి 11,000కు తెగగొట్టి, ఘనకార్యము చేసితినని మురిసితిని. “మీ యింటికి వచ్చి చూడవచ్చునా?” అని యడిగితిని. “ఎందుకమ్మా మీకు శ్రమ? ఎల్.బి. నగరు మెట్రో స్టేషను క్రిందికి నేనే తెచ్చి యిత్తును” అని అతడు బదులు చెప్పెను. ఆ మాటను నేను మర్యాద యనుకొంటిని.

చెప్పినవేళకు ఒక యువకుడు స్కూటరుపై వచ్చి, అట్టపెట్టెలోనుండి పిల్లను తీసి అమ్మాయి చేతిలో పెట్టెను. ఒక టీకాల పుస్తకము కూడ ఇచ్చెను. అందులో తేదీలు గలవు గాని వైద్యుని పేరు తెలియరాని ముద్ర యొకటి యుండెను. సొమ్ము ఫోనులోనే చెల్లించితిమి. రసీదు లేదు. పిల్ల బొద్దుగా, కన్నులు మూసుకొని, కదలక పండుకొనియుండెను. సాధువని సంతోషించితిమి, నీరసమని మాకు తోచలేదు.

మూడవనాడు పాలు ముట్టలేదు. నాలుగవనాడు వాంతులు మొదలై, రాత్రికి రక్తముతో విరేచనములైనవి. తెల్లవాఱుజామున మావారు ఒడిలో పెట్టుకొని ఆటోలో పశువైద్యునియొద్దకు కొనిపోయిరి. నేనును అమ్మాయియు వెంట పోయితిమి. డాక్టరుగారు పరీక్షచేసి పార్వో యనిరి. సెలైను ఎక్కించుచు నన్ను చూచి, “అమ్మా! దీని తల్లిని చూచితిరా?” అని యడిగిరి. నేను నోరెత్తలేదు. పిల్లల పెండ్లి సంబంధములలో “తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బఱ్ఱెను” అని పదిమందికి చెప్పుదానను నేను.

ఆఱవనాడు ఆ ప్రాణి పోయినది. అమ్మాయి రెండు పూటలు అన్నము తినలేదు. మూడవపూట మా అత్తగారు కలిపి నోటబెట్టుచుండగా, “నాయనమ్మా, దాని అమ్మకు చెప్పవద్దా?” అని యడిగెను. ఆ యువకుని ఫోను అప్పటికే మూగవోయినది.

చిన్ననాడు మా నాయనగారు భారతము చదివి చెప్పుచు సరమ కథతో మొదలుపెట్టెడివారు. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా సరమయను దేవశునకము కొడుకు సారమేయుడు ఆడుకొనుచు అచటికి వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడేడ్చుచు తల్లికడకు పోయెను. సరమ రాజు నెదుటికి వచ్చి, తప్పెఱుగని నా బిడ్డను కొట్టిరేలయని యడిగి, నిరపరాధులకు కీడుచేయువారికి తలవని తలంపుగా భయములు వచ్చునని చెప్పి పోయెను. అంతటి రాజు కూడ ఆ మాటకు వెఱచెను. అమ్మాయి అడిగిన ప్రశ్న విన్ననాడు ఆ కథ నాకు మరల జ్ఞప్తికి వచ్చినది. ఆ తల్లి యెక్కడిదో, ఎట్టి గదిలో కట్టుబడి యున్నదో, ఎన్ని యీతల పిల్లలను ఇట్లే పోగొట్టుకొన్నదో నేను అడుగనే లేదు. పిమ్మట తెలిసికొనగా, నేను అడుగవలసిన ప్రశ్నలన్నియు ఆ తల్లియొద్దనే మొదలగుచున్నవని బోధపడినది.

మొదటిది వయస్సు. భారత ప్రభుత్వము 2017లో కుక్కల పెంపకమును గుఱించియు, అమ్మకమును గుఱించియు నియమములు చేసినది. వాని ప్రకారము ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పెంచి అమ్మువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొనవలెను. ఆడకుక్కకు 18 నెలలు నిండనిదే ఈత వేయింపరాదు. 45 దినములనగా ఆఱున్నర వారములు. నేను చదివిన ప్రకటనలోనే తప్పు వ్రాసియున్నది. చదువు వచ్చియు నేను చదువలేకపోయితిని.

రెండవది టీకాల మాట. తల్లి తొలిపాలతో పిల్లకు కొంత రక్షణ వచ్చును. ఆ రక్షణ యున్నంతవఱకు టీకా సరిగా పట్టదు. అది తఱిగిన పిమ్మట టీకా లేనియెడల రోగము పట్టును. ఆ సంధికాల మేనాడు వచ్చునో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీరుగా నుండును. అందుచేత వైద్యులు ఆఱు మొదలు ఎనిమిది వారముల నడుమ టీకా మొదలుపెట్టి, కొన్ని వారముల కొకసారి చొప్పున, పదునాఱు వారములు నిండువఱకు వేయుదురు. వెఱ్ఱికుక్క రోగపు టీకా సాధారణముగా మూడవ నెలలో వేయుదురు. కాబట్టి నెలన్నర పిల్లకు “టీకాలన్నియు అయినవి” అనుట అసంభవము.

పార్వో ప్రపంచమున 1978 ప్రాంతమున బయటపడిన రోగము. సోకిన పిమ్మట సామాన్యముగా మూడునాళ్ళు మొదలు వారము లోపల లక్షణములు కనబడును. ఒక్కొక్కప్పుడు రెండు వారములు పట్టును. అమ్మువాని చేతిలో ఆరోగ్యముగా నున్నట్లు తోచిన పిల్ల మన యింట నాలుగవనాడు పడిపోవుటకు కారణమిదియే. ఈ వైరసు నేలలోను, గోనెలలోను నెలల తరబడి, చల్లని నీడయందు ఏడాది వఱకు కూడ బ్రతుకును. సామాన్యమైన ఫినాయిలు దానిని చంపజాలదు; బ్లీచింగు నీళ్ళు చంపును. మనుష్యులకు ఈ కుక్కల పార్వో అంటదు. కాని మన చెప్పులతోను చేతులతోను మఱియొక యింటి పిల్లకు చేరగలదు. అందుచే రోగము వచ్చిన యింటికి టీకాలు పూర్తికాని పిల్లను వెంటనే తేరాదని డాక్టరుగారు గట్టిగా చెప్పిరి.

ఆయన మఱియొక ప్రశ్న కూడ వేసిరి: “పిల్ల మిమ్మునెవరినైన కఱచినదా?” ఆడుకొనునప్పుడు అమ్మాయి వ్రేలిని కొఱికి, సూదిమొనయంత గాటుపెట్టిన మాట నిజమే. పాలపండ్లు గదాయని నేను నవ్వి యూరకుంటిని. తల్లి యెవరో, దానికి టీకా యున్నదో లేదో తెలియని పిల్ల గాటును చిన్నదని త్రోసివేయరాదని ఆయన మందలించి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి పంపిరి. అమ్మాయికి ఆనాడును, పిమ్మట మూడవనాడును, ఏడవనాడును, ఇరువదియెనిమిదవనాడును సూదులు వేసిరి. గాటు పడినవెంటనే సబ్బుతో పాఱునీటిక్రింద పదునైదు నిమిషములు కడుగవలెననియు, పసుపు, కారము, సున్నము పెట్టరాదనియు నర్సమ్మ చెప్పినది. వెఱ్ఱికుక్క రోగము లక్షణములు పుట్టిన పిమ్మట దాదాపు మందులేనిది. ఆ ఇరువదియెనిమిది దినములు నాకు నిద్రలేదు.

నాకు పిల్ల యైనను దొరికినది. కొందఱికి అదియు దొరకదు. బొమ్మ మాత్రమే యుండును. పిల్ల యెక్కడను లేదు. ముందు కొంత బయానా యడుగుదురు. పిదప విమానపు కూలి, పెట్టె వెల, భీమా, పత్రముల రుసుమని ఒకదాని వెనుక నొకటి వచ్చును. “ఇది తిరిగి వచ్చు సొమ్మే” యని ప్రతిసారి చెప్పుదురు. ఇచ్చినది పోవునను భయముచే మరల ఇచ్చుచుందురు. 2021లో దెహరాదూనునందొక స్త్రీ కుక్కపిల్లకై యిట్లే విడతలు విడతలుగా 66 లక్షల రూపాయలకు పైగా పోగొట్టుకొన్నది. ఆ వ్యవహారమున పోలీసులు బెంగుళూరులో ఒక విదేశీయుని పట్టుకొనిరి. ఆమె తెలివిలేనిది గాదు. మొదటి సొమ్మును విడువలేకపోయినది. మనలో ఎవరమైనను అట్లే చేయుదుము.

సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను నంబరు కొట్టవలసిన పని లేదు. “మీ బయానా తిరిగి పంపెదను, ఈ క్యూఆర్ కోడు నొక్కుడు” అన్నచో అది మన ఖాతానుండి లాగుట కొఱకే. మోసపోయినట్లు తోచిన మఱుక్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మాఱకముందే తెలిపినచో బ్యాంకులలో నిలుపుదల చేయుట కవకాశము కలదు. ఇంట తిట్టుదురని ఒకనాడు దాచినచో ఆ యవకాశము పోవును. ఈ మాటను భర్తలును అత్తగార్లును కూడ వినవలెను.

ఇక శుద్ధజాతి యను మాట. చెన్నపట్టణమున ప్రధానస్థానముగల కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జాతికుక్కల వంశావళి పత్రములను ఇచ్చును. మనకు గోత్రప్రవర లెట్లో దానికి ఆ పత్ర మట్లు. పిల్ల చర్మముక్రింద మైక్రోచిప్పను బియ్యపుగింజయంత వస్తువును పెట్టుదురు. యంత్రముతో చూచినచో పదునైదు అంకెల సంఖ్య కనబడును. పత్రములోని సంఖ్యయు ఇదియు ఒకటే కావలెను. “పత్రములు పిదప వచ్చును” అనువాని మాట నమ్మరాదు.

అయితే పత్రము సరియైనంతమాత్రమున ఆ జాతి మన నేలకు సరిపడునని కాదు. సైబీరియన్ హస్కీ మంచుదేశమున బండ్లు లాగుటకు పెంచిన జాతి. దానికి రెండు వరుసల బొచ్చు. మన వైశాఖమాసపు ఎండలో రేకుల కప్పు క్రింద దానిని కట్టుట ఉన్నికోటు తొడిగి పొయ్యిదగ్గఱ కూర్చుండబెట్టుటయే. 2003లో హచ్ ఫోను కంపెనీ ప్రకటనలో ఒక చిన్నవాని వెంట తిరిగిన పగ్‌ను చూచి దేశమంతట దానిని కొనిరి. ఆ చప్పిడి ముక్కు మనకు ముద్దు. దానికి ఊపిరాడని బాధ. కుక్క ముఖ్యముగా నోరు తెఱచి ఒగర్చుటచేతనే ఒంటి వేడిని తగ్గించుకొనును. ముక్కు కుఱుచయైనకొలది ఆ పని కష్టమగును.

కావున, కొనదలచిన సోదరీమణులకు నా మనవి. బొమ్మను చూచి సొమ్మీయకుడు. అమ్మువాని యింటికి పగటివేళ పొండు. తల్లిని చూపుమని యడుగుడు. పిల్లలు దాని పాలు త్రాగుచుండగా చూడుడు. తల్లి బొచ్చు, కన్నులు, ఒళ్ళు, అది పండుకొను చోటు చూడుడు. ఎముకలు కనబడుచు భయపడి మూలకు నక్కు తల్లియున్న యింట పిల్లను కొనకుడు. నమోదు పత్రము అడుగుడు. టీకాల పుస్తకములో మందుసీసా చీటీ అంటించియున్నదా, వైద్యుని పేరును నమోదు సంఖ్యయు ఉన్నవా చూడుడు. రసీదు పుచ్చుకొనుడు. తెచ్చిన మఱునాటికే మీ వైద్యునికి చూపుడు. వీనిలో ఒక్కదానికైనను అమ్మువాడు విసుగుకొన్నచో, బిడ్డ యెంత యేడ్చినను వట్టిచేతులతో రండు. బిడ్డ ఏడుపు ఒకనాటితో తీఱును.

కొననక్కఱ లేని త్రోవయు కలదు. 1992లో అక్కినేని అమలగారు స్థాపించిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాదువారు దిక్కులేని జంతువులకు ఆశ్రయమిచ్చి దత్తత నిచ్చుచున్నారు. 2025 ఆగస్టులో నగర పాలక సంస్థవారు బంజారాహిల్సులోని జలగం వెంగళరావు పార్కున దేశవాళీ కుక్కపిల్లలకు దత్తత మేళా జరిపిరి. మన వీథికుక్క ఈ యెండకును ఈ నేలకును పుట్టినది.

మేము ఏడాది ఆగితిమి. ఇల్లంతయు బ్లీచింగు నీళ్ళతో కడిగి, గోనెలు కాల్చితిమి. తరువాత మా వీథి చివర కంకరకుప్ప ప్రక్కన ఒక గోధుమవన్నె కుక్క నాలుగు పిల్లలను కన్నది. అమ్మాయి ప్రతిదినము దానికి గంజియన్నము పెట్టుచు దూరమునుండి చూచుచు వచ్చినది. పిల్లలకు మూడునెలలు నిండువఱకు తల్లియొద్దనే యుంచి, అచ్చటనే టీకాలు వేయించితిమి. నాలుగవ నెల దాటి ఆఖరు టీకా పడిన పిదప ఒకదానిని ఇంటికి తెచ్చుకొంటిమి. తల్లికి పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించితిమి. అన్నిటికి కలిపి అయిన వ్యయము నేను బేరమాడి తగ్గించిన మూడువేలకంటె ఎక్కువ కాదు.

ఇప్పుడును ఆ తల్లి సాయంకాలమున మా గడపదగ్గఱకు వచ్చి బిడ్డను మూచూచి పోవుచుండును. అమ్మాయి అన్నము ముందు దానికి పెట్టి, పిమ్మట పిల్లకు పెట్టుచున్నది. అట్లు పెట్టుమని మేమెవ్వరము చెప్పలేదు.