కప్పల పెంపకము – గోదురుకప్పల వ్యాప్తి



నూతిలోని కప్పను అల్పజ్ఞునకు ఉపమానముగా జెప్పుట మన వాడుక. పాఠశాలలో నేనును కూపస్థమండూకన్యాయమును పెక్కుమారులు బోధించితిని. కాని నూయి విడువని కప్ప వలన నెవరికిని కీడు లేదు. మనుష్యుడు లాభాపేక్షతో తావు మార్చిన కప్ప వలన గలిగిన కీడును నేడు మనవి చేసెదను.

ఉత్తర అమెరికాఖండపు తూర్పుభాగమున ఒక పెద్ద గోదురుకప్ప గలదు. దాని బరువు అరకిలోగ్రాము వఱకు నుండును. దాని అఱపు ఎద్దు ఱంకెను బోలును. ఆడుది ఒక్క తడవ 20,000 వఱకు గ్రుడ్లు పెట్టగలదు. పురుగు, ఎలుక, పిట్ట, పాముపిల్ల, తుదకు స్వజాతి పిల్ల, నోట బట్టునంతటి ప్రాణి యేదైనను దానికి ఆహారమే.

1849లో బంగారమునకై జనులు కాలిఫోర్నియాకు దండుగా బోయిరి. అచ్చట కప్పకాళ్లకు గిరాకి హెచ్చెను. ఆ దేశపు ఎఱ్ఱకాళ్ల కప్పలు పట్టగా పట్టగా తఱిగిపోయెను. అందుచే 1896లో తూర్పునుండి గోదురుకప్పలను దెచ్చి పెంచ మొదలిడిరి. పెంపకము కుదురుపడలేదు. కప్ప కదలు పురుగును బట్టునేగాని చచ్చిన మేతను సాధారణముగా ముట్టదు. పెద్దది చిన్నదానిని మ్రింగును. ఎదుగుటకు ఏండ్లు పట్టును. వర్తకము చెడెను గాని, కప్పలు మాత్రము చెరువులయందు స్థిరపడెను. ఎఱ్ఱకాళ్ల కప్పలకు ఇతర బాధలతోపాటు ఈ బాధయు దోడయ్యెను. 1996లో అమెరికా ప్రభుత్వము వానిని ఆపదలోనున్న జాతులలో జేర్చెను.

ఇంకొక చిక్కు గలదు. కప్పల చర్మమును బట్టు ఒక సూక్ష్మమైన బూజునకు శాస్త్రజ్ఞులు 1999లో పేరిడిరి. గోదురుకప్ప తాను తఱచు చావకయే దానిని మోసి ఇతరజాతులకు అంటించును.

ఇది పరదేశపు గాథ యని ఊరకుండరాదు. మన పొలములలోని గోదురుకప్ప వేఱొక జాతి. స్వస్థానమున అది పైరుపురుగులను దిని మేలు చేయును. ఒకప్పుడు దాని కాళ్లను విదేశములకు విరివిగా నంపిరి. 1987లో భారతప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించెను. ఈ మేలుకప్పయే ఈ శతాబ్దమున చేపపిల్లలతో గలసి అండమాను దీవులకు జేరి వ్యాపించినది. అచ్చట అది కోడిపిల్లలను, చేపలను దినుచున్నది. దాని తోకకప్పలు ఆ దీవుల కప్పల పిల్లలను మ్రింగునని పరీక్షలయందు దేలినది.

కావున గ్రామపెద్దలకు నా విన్నపము. చెరువున చేపపిల్లలను వదలునపుడు, అందు జేరిన తోకకప్పలను వేఱు చేయింపుడు. ఆదాయమార్గమని యెవరైన క్రొత్తప్రాణిని దెచ్చినచో, వ్యాపారము చెడిన పిదప దాని గతి యేమని ముందే యడుగుడు. నష్టపడిన వ్యాపారమును మూయవచ్చును. చెరువున బడి పెరిగిన ప్రాణిని మరల బట్టుట దుష్కరము.