పొలం పనిలో గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి? నాడి లెక్క

"రోజంతా పొలంలోనే ఉంటాం, మళ్ళీ మనకి వ్యాయామం ఎందుకండీ?" అని నేనూ అనేవాడిని. పోయిన సార్వాలో నాన్న వరిలో కోనో వీడర్ తోస్తూ, నాలుగు సాళ్ళకే ఆయాసమొచ్చి గట్టు మీద కూలబడిపోయారు. డాక్టరు గారు బీపీ మందులు రాసి, "పనిలో నాడి ఎంత ఉంటోంది?" అని అడిగారు. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. జీవామృతానికి పేడ కిలోల లెక్కన తూస్తాం గానీ నాడి ఎప్పుడు చూసుకున్నాం?

లెక్క తేలికే. 220 లోంచి మీ వయసు తీసేయండి. వచ్చింది నిమిషానికి గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం. అందులో 50 నుంచి 70 శాతం ఉంటే మధ్యరకం శ్రమ, 70 నుంచి 85 దాకా గట్టి శ్రమ. నాకు 36 ఏళ్ళు, గరిష్ఠం 184. అంటే 92 నుంచి 129 మధ్యరకం, 156 దాకా గట్టిది. ఇది సగటు లెక్క, మనిషిని బట్టి పది పన్నెండు అటూ ఇటూ అవుతుంది.

పని ఆపిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే నాడి దిగిపోతుంది. బొటనవేలి కింద, మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. బొటనవేలితో పట్టుకోవద్దు, దానికీ నాడి ఉంటుంది. ఎలా పట్టుకోవాలో పై వీడియోలో చూపించాను.

నేను చూసుకుంటే, సాయంత్రం చేను చూసుకుంటూ గట్ల మీద తిరిగితే 88. అంటే వ్యాయామం కిందకే రాదు! అదే కోనో వీడర్ తోస్తే 152. మా పనిలో మధ్యరకం శ్రమే తక్కువ. అందుకే వారానికి ఐదు రోజులు, పొద్దున్నే అరగంట వడివడిగా నడుస్తున్నా. ఎండలో అదే పనికి నాడి ఇంకా పెరుగుతుంది, బరువు పనులు పది గంటలలోపే ముగించండి.

ఒక్క జాగ్రత్త. బీటా బ్లాకర్ రకం బీపీ మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, వాటితో ఈ లెక్క కుదరదు. నాన్నవి ఆ రకమే. ఆయనకి డాక్టరు చెప్పింది మాటల పరీక్ష: పని చేస్తూ మాట్లాడగలిగితే సరే, మాట తెగుతుంటే ఆపాలి. ఛాతీలో నొప్పో, బరువో అనిపిస్తే లెక్కలు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు నాన్న రెండు సాళ్ళు తోసి గట్టెక్కుతున్నారు. మూడోది నేను తోస్తుంటే, అక్కడి నుంచే కేకేసి నన్ను మాట్లాడిస్తుంటారు.