ఝరియా మంట తలరాత కాదు

జార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు గనుల్లో 1916లో బయటపడిన మంట నేటికీ పూర్తిగా ఆరలేదు. పొగ, పగుళ్లిచ్చే గోడలు, కుంగే నేల అక్కడి పేదలకు నిత్యకృత్యం. తొలి తరాల్లో ఆ గనుల్లోకి దిగినవాళ్లలో బౌరీ, భుయియా దళితులు, సంతాల్ ఆదివాసులు ఎందరో. బొగ్గు ఎందుకు అంటుకుంటుందో మనకు తెలియాల్సింది అందుకే.

బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకున్నప్పుడు కొద్దిగా వేడి పుడుతుంది. గాలి బాగా ఆడితే ఆ వేడి పోతుంది. గాలే అందకపోతే వేడి పుట్టదు. పగుళ్ల గుండా సన్నగా గాలి చేరుతూ, వేడి బయటికి పోలేని చోటే ప్రమాదం. వేడి పెరిగేకొద్దీ ఈ చర్య వేగం పెరిగి, చివరికి నిప్పు పుడుతుంది.

బొగ్గంతా ఒకటి కాదు. లిగ్నైట్ లాంటి లేత బొగ్గులో తేమ, సన్నని రంధ్రాలు ఎక్కువ, త్వరగా వేడెక్కుతుంది. ఆంత్రసైట్ లాంటి ముదురు బొగ్గు నిదానం. ఝరియాది ఉక్కు తయారీకి వాడే కోకింగ్ బొగ్గు; లిగ్నైట్ అంత తొందరగా అంటుకునేది కాదు. అయినా మండుతోందంటే, 1970ల జాతీయీకరణకు ముందు ప్రైవేటు యజమానులు బొగ్గు తవ్వుకుని, ఖాళీలను ఇసుకతో నింపకుండా వదిలేయడం పెద్ద కారణం.

పెళ్ల పొడైతే గాలి తగిలే మేర ఎన్నో రెట్లవుతుంది. గాలిలోకి లేచిన బొగ్గు దుమ్ముకు నిప్పు తగిలితే పేలుతుంది. మండే వాయువులు ఎక్కువగా వదిలే బొగ్గుతో ఈ ముప్పు మరీ ఎక్కువ. 1965 మే 28న, నేటి జార్ఖండ్‌లోని ధోరీ గనిలో పేలుడు 268 మందిని బలిగొంది. పేలకపోయినా, కంటికి కనిపించని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని న్యుమోకోనియోసిస్ తెస్తుంది. దీనికి పూర్తిగా నయం చేసే మందు లేదు.

నివారణ మార్గాలు కొత్తవేమీ కావు: నీళ్లు చల్లడం, సున్నపురాయి పొడి జల్లడం, ఖాళీలు నింపడం, కార్బన్ మోనాక్సైడ్ కొలవడం. గోడలకు చెమ్మ పట్టడం, కిరోసిన్ లాంటి వాసన రావడం నిప్పుకు తొలి గుర్తులు. వాటిని ముందు పసిగట్టగలిగేది అక్కడ పనిచేసే కూలీలే. వాళ్లు చెప్పింది రాసుకోవాలి, వెంటనే కొలవాలి, ఫలితాన్ని వాళ్ల భాషలో చెప్పాలి. కాంట్రాక్టు కార్మికులకూ ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీసి, రిపోర్టు చేతికివ్వాలి. మేం అడిగేది దయ కాదు, హక్కు.