పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌ను పారేయొద్దు, నెట్‌కు కలపొద్దు

మన తెలుగు సంఘాల ఆఫీసుల్లో చాలాచోట్ల రెండు కంప్యూటర్లు కనిపిస్తాయి. కొత్తదానిలో మెయిలు, బ్యాంకు పని, సభ్యుల జాబితా ఉంటాయి. మూలనున్న పాతదానిలో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉంటాయి. ఉగాది సంచికలు, వార్షికోత్సవ సావనీర్లు, సభ్యుల డైరెక్టరీలు, శుభలేఖలు అన్నీ దానిమీదే కంపోజ్ అయ్యాయి. "ఈ డబ్బా ఇంకా ఎందుకండీ, పాత సామాన్లవాడికి వేసేద్దాం" అని కార్యవర్గంలో కొందరంటారు. "దీనికి కూడా నెట్ కలిపితే ఫైళ్లు పంపడం సులువు కదా" అని మరికొందరు. రెండూ నష్టమే. ఎందుకో, మధ్యేమార్గం ఏమిటో చూద్దాం.

పాత ఫైలు కొత్త కంప్యూటర్‌లో ఎందుకు తెరుచుకోదు?

ఆ రోజుల్లో ఫాంట్లు తయారుచేసినవారు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కల బొమ్మలు పెట్టారు. తెర మీద తెలుగు కనబడుతుంది కానీ ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుస తప్ప ఏమీ కనిపించదు. పైగా ఒక కంపెనీ వరుస ఇంకో కంపెనీకి కలవదు.

1991లో వచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు సొంత స్థానాలు దొరికాయి. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ ఫాంటు కూడా వచ్చింది. అయినా చేతికి అలవాటైన కీబోర్డు, అందమైన అక్షరాలు ఉన్నాయని ప్రెస్సులవారు పాత పద్ధతిలోనే కొనసాగారు. పేజ్‌మేకర్‌లో 2001 నాటి 7వ వెర్షనే ఆఖరిది. తర్వాత అడోబీ కంపెనీ ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. అందుకే ఎన్నో సంచికల అసలు ఫైళ్లు ఆ పాత డబ్బాలోనే ఉండిపోయాయి.

పారేస్తే ఏం పోతుంది?

సొంత రాష్ట్రం బయట ఉన్న మనకు సంఘం సంచికలే చరిత్ర. ఏ ఊళ్లో తెలుగు బడి ఎప్పుడు పెట్టారు, స్థలం ఎవరిచ్చారు, ఏ ఏడాది ఎంతమంది పిల్లలు చదివారు, ఇవన్నీ వాటిలోనే దొరుకుతాయి. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత పిల్లల మాతృభాష పరీక్ష కోసం భాషా అల్పసంఖ్యాకులు కోర్టుల దాకా వెళ్లారు. అలాంటి సమయంలో "ఇక్కడ తెలుగు బడి ఎన్నాళ్లుగా ఉంది" అని అడిగితే చూపించడానికి కాగితం కావాలి.

నెట్‌కు కలిపితే ఏం జరుగుతుంది?

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. ఆ తర్వాత కొత్త లోపం బయటపడితే, దాన్ని పూడ్చేవారు సాధారణంగా ఉండరు. దొంగలకు మాత్రం ఆ లోపం తెలుస్తుంది.

2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకుతూ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఎక్కువగా దెబ్బతిన్నవి అప్‌డేట్ వేసుకోని విండోస్ 7 కంప్యూటర్లు. అంటే పాతదనం ఒక్కటే కాదు, తాజా రక్షణ లేకపోవడం అసలు ప్రమాదం.

మన ఆఫీసులో పాతదీ కొత్తదీ ఒకే వైఫైలో ఉంటే, పాతదానిలో దూరిన దొంగ కొత్తదాన్నీ తట్టి చూడగలడు. కొత్తదానిలో సభ్యుల ఫోన్ నంబర్లు, విరాళాల లెక్కలు, స్కాలర్‌షిప్ పిల్లల ఆధార్ ప్రతులు ఉంటాయి. సంఘాన్ని నమ్మి ఇచ్చిన వివరాలవి.

సాఫ్ట్‌వేరువాళ్ల పద్ధతి

మన ఇళ్లలో ప్రోగ్రామర్లు ఉంటే అడగండి. పాత ప్రోగ్రాముల కోసం పాత కంపైలరును, కొత్త పనికి కొత్త కంపైలరును పక్కపక్కనే ఉంచుకోవడం వారికి మామూలే. కాలేజీల్లో ఎంతోమంది నేర్చుకున్న టర్బో సి++ 1990ల తొలినాళ్లది. ఇప్పటి కంప్యూటర్లలో దాన్ని డాస్‌బాక్స్ అనే కృత్రిమ పాత యంత్రం లోపల నడుపుతారు. దానిలో వాడే 'గెట్స్' అనే ఆదేశం ఎంత పొడవు వాక్యం వస్తే అంతా లోపలికి తోసేస్తుంది, హద్దు చూడదు. 1988లో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ పురుగు దూరిన దారుల్లో అదొకటి. 2011 సి ప్రమాణం నుంచి దాన్ని తీసేశారు. కొత్త కంపైలరు అలాంటివి కనిపిస్తే హెచ్చరిస్తుంది, పాతది మౌనంగా ఒప్పుకుంటుంది. అందుకే వారు పాతదాన్ని పాత పనికే పరిమితం చేసి, కొత్త పని దానితో చేయరు. మనకూ అదే సూత్రం.

మనం చేయాల్సినవి

1. ముందు హార్డ్ డిస్కు మొత్తం నకలు తీయించండి. పాత డిస్కులు చెప్పకుండా పోతాయి. రెండు నకళ్లు తీసి ఒకటి ఆఫీసులో, ఇంకొకటి వేరే సభ్యుడి ఇంట్లో ఉంచండి. ఫాంట్ల ఫోల్డరు, సాఫ్ట్‌వేర్ సీడీలు కూడా మరవకండి.

2. పాతదాని నెట్ కేబుల్, వైఫై పరికరం తీసేయండి. అందులో సభ్యుల జాబితా ఉంటే నకలు దాచి అక్కడ చెరిపేయండి.

3. ఫైళ్లు ఒకే దిక్కున నడవాలి, పాతదాని నుంచి కొత్తదానికి. ఆ పనికే ఒక పెన్‌డ్రైవ్ పెట్టండి. వాడిన ప్రతిసారీ కొత్త కంప్యూటర్‌లో స్కాన్ చేసి, ఫార్మాట్ చేయండి. శుభలేఖ ప్రింటుకు ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్ పాతదానికి పెట్టొద్దు.

4. డబ్బా చెడిపోయేలా ఉంటే, కొత్త కంప్యూటర్‌లోనే వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో ఎక్స్‌పీని ఒక గదిలో పెట్టినట్టు నడపవచ్చు. ఎక్స్‌పీ లైసెన్సు మనదై ఉండాలి. ఆ గదికి నెట్‌వర్క్ ఆపేయాలి. నెట్‌లో దొరికే 'క్రాక్' కాపీల జోలికి వెళ్లొద్దు. వైరస్‌లు వచ్చే దారుల్లో అదొకటి.

5. ప్రతి సంచికనూ ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేయించండి. పేజీ రూపం నిలుస్తుంది. అయితే దానిలో తెలుగు పేరు వెతికితే దొరకదు. అందుకు యూనికోడ్‌లోకి మార్చాలి.

మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వాటిని గుడ్డిగా నమ్మకండి. వత్తులు తారుమారవుతాయి. తెలుగు మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటను కూడా తెలుగు ముక్కలనుకొని మార్చేస్తుంది. దాతల పేర్లు, ఇంటిపేర్లు, అంకెలు అచ్చు పుస్తకంతో పోల్చి ఇద్దరు చదవాలి. కొత్త సంచికకు అందమైన అక్షరాలు లేవన్న బెంగ కూడా అక్కర్లేదు. మండలి, రామభద్ర, పర్లాకిమిడి గిడుగువారి పేరిట గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి.

అన్నీ ఒకేసారి కాదు. ముందు బడి లెక్కలు, స్థలం వివరాలు ఉన్న సంచికలు, తర్వాత డైరెక్టరీలు, ఆపైన మిగతావి. ఆ పాత కీబోర్డు తెలిసిన డీటీపీ ఆపరేటర్లకు వయసు మీదపడుతోంది. వారు ఉండగానే, వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో ఈ అంశం చేర్చి, తేదీ వేసి, ఒకరికి బాధ్యత అప్పగించండి.