‘ఆగు’ అంటే కుక్క నిజంగా ఆగాలంటే ఏం చేయాలి?

పోయిన ఎపిసోడ్‌లో కుక్కకి ‘సిట్’ ఎలా నేర్పాలో చూశాం కదా. అది వచ్చాక అందరికీ ఎదురయ్యే ప్రాబ్లమ్ ఒకటే: "కూర్చోమంటే కూర్చుంటుంది, కానీ కూర్చొని ఉండదు." రెండు సెకన్లకే లేచి వచ్చేస్తుంది. ఈ రోజు టాపిక్ అదే, స్టే.

ఇది చుట్టాలొచ్చినప్పుడు చూపించుకునే విద్య కాదండీ. ఒక్కసారి ఊహించుకోండి. డెలివరీ అబ్బాయి బెల్ కొట్టాడు, మీరు తలుపు తీశారు, మీ కాళ్ల సందులోంచి కుక్క బయటికి దూరింది. గేటు తీసే ఉంది. అవతల ఆటోలు, బైకులు, వీధి కుక్కల గుంపు. మీరు వెంటపడితే అది ఆట అనుకుని ఇంకా స్పీడ్‌గా ఉరుకుతుంది. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే లోపలున్న పిల్లల మీదికి దూకుతుంది. కరవకపోవచ్చు, కానీ ఆ పిల్లలు హడలిపోతారు, మర్నాడు అసోసియేషన్ వాళ్ల ఫోన్ వస్తుంది. కాబట్టి గుమ్మం దగ్గర అది ఆగడం, ఆగకపోవడం చిన్న విషయం కాదు.

సరే, ఇప్పుడు కుక్క వైపు నుంచి ఆలోచిద్దాం. ‘కూర్చో’ అంటే దానికి ఒక పని. వెనక భాగం నేలకి ఆనింది, పని అయిపోయింది. ‘ఆగు’ అంటే మాత్రం ఏ పనీ చేయకుండా ఉండడం. ఎంతసేపు? ఎప్పుడు అయిపోతుంది? మనం చెప్పకపోతే అదే డిసైడ్ చేసుకుంటుంది. అందుకే స్టే నేర్పేటప్పుడు దానితో పాటే ఇంకో మాట నేర్పాలి, ‘ఇంక నువ్వు లేవొచ్చు’ అని చెప్పే మాట. ట్రైనర్లు దీన్నే రిలీజ్ వర్డ్ అంటారు.

ఆ మాట ‘ఓకే’, ‘సరే’ మాత్రం పెట్టుకోకండి. ఫోన్‌లో మాట్లాడుతూ మనం లెక్క లేనన్ని ఓకేలు అంటాం. గేటు దగ్గర కుక్కని ఆపి, ఫోన్‌లో "ఓకే రా, బై" అన్నారనుకోండి, అది రోడ్డెక్కుతుంది. దాని తప్పేం లేదు, మీరే పర్మిషన్ ఇచ్చారు! ‘ఫ్రీ’, ‘ఛలో’ లాంటిది పెట్టుకోండి. అలాగే ఆపడానికి ‘ఉండు’ కూడా నాకైతే నచ్చదు. ఇంట్లో అమ్మ, నాన్న, తమ్ముడు అందరూ "ఉండవే", "ఒక్క నిమిషం ఉండు" అంటూనే ఉంటారు కదా, కుక్కకి ఆ మాట గాల్లో కలిసిపోతుంది. ‘ఆగు’ గానీ ‘స్టే’ గానీ, ఏదో ఒకటే ఫిక్స్ చేసుకోండి. నాయనమ్మతో సహా అందరూ అదే అనాలి.

ట్రీట్ సంగతి త్వరగా చెప్పేస్తా. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన బోన్‌లెస్ చికెన్, లేదా పనీర్, శనగ గింజంత ముక్కలు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ముక్కలు వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలే వద్దు, అవి కుక్కకి విషం. ట్రీట్లు ఎక్కువ పెట్టిన రోజు దాని అన్నం కాస్త తగ్గించండి.

ఇక అసలు పని. కుక్కని కూర్చోబెట్టండి. అరచెయ్యి దాని వైపు చూపించి ఒక్కసారే ‘ఆగు’ అనండి. "ఆగు, ఆగు, ఆగాగు" అని జపం చేయొద్దు. ఒక్క సెకను ఆగిందా? ‘గుడ్’ అని, అది కూర్చొని ఉండగానే ముక్క నోటికి అందించండి. తర్వాత ‘ఫ్రీ’. లేచాక ఏమీ ఇవ్వకండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, లేచి వచ్చాక పెడతారు. అప్పుడు అది నేర్చుకునేది ‘లేస్తే చికెన్ వస్తుంది’ అని! ఇక్కడ టైమింగే అంతా. బి.ఎఫ్. స్కిన్నర్ అనే సైకాలజిస్ట్ 1951లోనే జంతువులకి ఎలా నేర్పాలో ఒక వ్యాసం రాశారు. అందులో టక్‌మని చప్పుడు చేసే చిన్న బొమ్మని వాడమన్నారు, సరైన పని చేసిన ఆ క్షణాన్నే గుర్తు పెట్టడానికి. మన ‘గుడ్’ చేసే పని కూడా అదే.

ఇక్కడి నుంచి పెంచాల్సినవి మూడు: సమయం, దూరం, చుట్టూ గోల. మూడూ ఒకేసారి పెంచితే మొత్తం చెడుతుంది. ముందు దాని పక్కనే నిలబడి సమయం పెంచండి. అదీ మెట్లెక్కినట్టు కాదు. మూడు సెకన్లు, తర్వాత ఏడు, మళ్లీ రెండు, ఇలా మార్చి మార్చి. ప్రతిసారీ కష్టమవుతూ పోతే దానికి విసుగొస్తుంది. అరనిమిషం ఆగుతోందంటే దూరం మొదలుపెట్టండి, కానీ సమయాన్ని మళ్లీ ఒక్క సెకనుకి తెచ్చేయండి. ఒక అడుగు వెనక్కి, వెంటనే తిరిగి దాని దగ్గరికి. ఈ స్టేజ్‌లో దాన్ని మీ దగ్గరికి పిలవకండి, మీరే వెళ్లి ఇవ్వండి. రోజూ పిలిస్తే అది కూర్చున్నంతసేపూ ‘ఎప్పుడు పిలుస్తారా’ అని సగం లేచే ఉంటుంది. ఇంకోటి, వెనక్కి నడవడం దానికి ఈజీనే, మీరు వీపు తిప్పడం కష్టం. అది విడిగా ప్రాక్టీస్ చేయాలి.

మధ్యలో లేస్తే తిట్టొద్దు, నడుము పట్టి నొక్కొద్దు. ఏమీ అనకుండా అదే చోటికి తెచ్చి కూర్చోబెట్టి, ఇంకా ఈజీగా మళ్లీ చేయండి. వరసగా రెండుసార్లు లేచిందంటే మీరు తొందరపడుతున్నారని అర్థం. ఆవలింతలు, పెదాలు నాక్కోవడం, మొహం తిప్పుకోవడం కనిపిస్తే దానికి టెన్షన్‌గా ఉన్నట్టు, ఆపేయండి. ఒక సెషన్ మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. కుక్కపిల్లకైతే ఇంకా తక్కువ.

ఇప్పుడు తలుపు. లీష్ తగిలించే చేయండి. గుమ్మానికి రెండు మూడు అడుగుల లోపల ఒక మ్యాట్ వేసి అక్కడ ‘ఆగు’. మీ చెయ్యి గడియ మీద పెట్టారు, అది కదల్లేదు, వచ్చి ముక్క ఇవ్వండి. గడియ తీసిన చప్పుడు, మళ్లీ ముక్క. తలుపు బెత్తెడు తెరిచారు, అది లేచిందా? తలుపు మెల్లగా మూసేయండి, ముక్కు నలగకుండా చూసుకోండి. కాసేపటికి దానికే లెక్క అర్థమవుతుంది: కూర్చుంటే తలుపు తెరుచుకుంటుంది, లేస్తే మూసుకుపోతుంది.

బెల్‌కి ఒక చిట్కా ఉంది, ఫోన్ ఉంటే చాలు. మీ ఇంటి కాలింగ్ బెల్‌నే రికార్డ్ చేసుకోండి. బాగా తక్కువ వాల్యూమ్‌లో ప్లే చేస్తూ స్టే చేయించండి. తల తిప్పి చూసి కూర్చొనే ఉందంటే పర్లేదు, ముక్క ఇచ్చి వాల్యూమ్ ఒక పాయింట్ పెంచండి. తర్వాత ఫ్రెండ్‌ని బయట నిలబెట్టి నిజం బెల్ కొట్టించండి.

ఎంత బాగా నేర్చుకున్నా రోడ్డు మీద లీష్ తీయకండి. దీపావళి టపాసులకి పారిపోయే కుక్క మాట విననట్టు కాదు, అది భయం. అప్పుడు స్టే అడగొద్దు, లోపలి గదిలో పెట్టి తలుపేయండి. ఎండాకాలం మధ్యాహ్నం టెర్రస్ మీద అసలు కూర్చోబెట్టొద్దు, పాదాలు కాలతాయి.

దూరం నుంచి పిలిస్తే రావడం, అంటే రీకాల్, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. అప్పటిదాకా తలుపు దగ్గర ప్రాక్టీస్ చేస్తూ ఉండండి. ఉంటాను, బై.